పదమూడు పీనుగులు, ఒక ఎస్టేటు

చక్రాల కుర్చీలో ఉన్న ముసలి జమీందారిణి మెడకు ఉరి పడుతుంది. బిగించింది పరాయివాడు కాదు, మొగుడే. ఆత్మహత్య అని లోకాన్ని నమ్మించే ఏర్పాటు కూడా చేసుకుంటాడు. ఆ గది దాటకముందే వాణ్ణి ఇంకొకడు పొడిచి చంపుతాడు. ఎందుకు? సముద్రపు పాయ ఒడ్డునున్న ఎస్టేటు కోసం.

1971లో ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన సినిమా ఇది. ఇంగ్లీషులో 'ఎ బే ఆఫ్ బ్లడ్' అంటారు. మొత్తం పదమూడు చావులు. పిల్లలకు చూపించే బొమ్మ కాదు. అయినా మా ఊరి సంఘంలో తెరకట్టి, ఆపి ఆపి తెలుగులో చెబుతూ చూపించాం. దయ్యాల్లేవు గనక చూపించాం. ఇందులో మనుషుల్ని తినేది ఆస్తి.

సైమన్ అనేవాణ్ణి చూడండి. జమీందారిణికి పెళ్లి బయట పుట్టిన కొడుకు. ఒడ్డున చేపలు పట్టుకు బతుకుతాడు. రక్తం ఆ ఇంటిదే, గడపలోపల చోటు లేదు. ఆ ఒడ్డును అమ్ముకుని సొమ్ము చేసుకోవాలనే రియల్ ఎస్టేట్ ఆసామి వెంచురా ఇతన్ని కత్తిలాగా వాడుకుంటాడు. నెత్తురు సైమన్ చేతికి, లాభం వెంచురాకు! చివరికి ఇద్దరూ చస్తారు. అందరూ చచ్చాక మిగిలిన కూతుర్నీ అల్లుణ్ణీ వాళ్ల సొంత పిల్లలే తుపాకీతో కాల్చి, ఆటనుకుని నీళ్లవైపు పరుగెత్తుతారు.

సినిమా అయ్యాక కూలికి పోయే పెద్దమ్మ ఒకామె అడిగింది: "ఇంతమంది చచ్చారు గదయ్యా, అంత ఇల్లు ఊడ్చేదెవరు? ఆ ముసలామె కుర్చీ నెట్టేదెవరు?"

మేం నోరెత్తలేదు. నాలుగుసార్లు చూసిన మాకు తట్టని ప్రశ్న. వారసులున్నారు, దళారులున్నారు, తిరగడానికొచ్చిన కుర్రకారు ఉన్నారు. పనిమనిషి మాత్రం మాకు కనపడలేదు. అక్కడ చెట్లు చాలక బావా కెమెరా ముందు కొమ్మలు ఆడించి అడవిలా చూపించాడని చెబుతారు. కొమ్మలకు దొరికిన చోటు కూలిమనిషికి దొరకలేదు.

సినిమా తీసింది సబౌదియాలో. ఒకప్పుడు అదంతా పొంటైన్ చిత్తడి నేల, మలేరియా దిబ్బ. 1930లలో ముసోలినీ ప్రభుత్వం కూలీలను దించి కాలవలు తవ్వించి నీళ్లు తోడించింది. 1934లో సబౌదియా పట్నం వెలిసింది. ముసోలినీ చొక్కా విప్పి గోధుమ నూర్పిళ్లలో నిలబడి ఫోటోలు దిగాడు. జ్వరాలు మాత్రం కూలీలకు.

ఇదంతా చెబితే పెద్దమ్మ మళ్లీ అడిగింది, వాళ్లకు సెంటు భూమైనా ఇచ్చారా అని. ఇచ్చారు, కొందరికి. మాజీ సైనికుల సంస్థ కింద, ఎక్కువగా ఉత్తరాది నుంచి తెచ్చిన కుటుంబాలకు. తవ్వినవాళ్లలో చాలామంది పని కాగానే మూట సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది.