కిట్లు వచ్చాయి, కూర్చునే చోటేదీ?

నోయిడాలో సెక్టార్లకు అంకెలుంటాయి, వాటి మధ్య చిక్కుకుపోయిన ఊళ్లకు పేర్లుంటాయి. బరోలా, మామూరా, నిఠారీ, భంగేల్, హరోలా. 1976లో ఇక్కడ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పడి పొలాలు తీసుకుంది, ఊరి గడ్డ మాత్రం మిగిలింది. ఇప్పుడా గడ్డ మీద ఇరుకు సందులు, నాలుగేసి అంతస్తుల అద్దె గదులు. మాల్దా నుంచి, దర్భంగా నుంచి, బుందేల్‌ఖండ్ నుంచి వచ్చినవాళ్లు వాటిలో కాపురముంటారు. మగవాళ్లు కట్టుబడి పనికీ గోదాములకూ పోతే, ఆడవాళ్లు మనలాంటి వాళ్ల ఫ్లాట్లలో పనికి వస్తారు. వాళ్ల పిల్లల్లో చాలామంది ఆ ఊరి సర్కారు బడిలోనే చదువుతారు. ఇంట్లో బెంగాలీ లేదా మైథిలి, వీధిలో హిందీ, బడిలో పుస్తకాల హిందీ. వీటన్నిటి మీదా ఇంగ్లీషు.

అక్కడికి కాస్త దూరంలోనే, సెక్టార్ 62 చుట్టుపక్కల, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు, వర్క్‌బుక్కులు, యాప్‌లు తయారుచేసే కంపెనీల ఆఫీసులున్నాయి. ఎన్‌ఐఓఎస్ అని మనం పిలిచే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ప్రధాన కార్యాలయమూ అక్కడే. ఇంగ్లీషు నేర్పే సరంజామాకు ఈ ఊళ్లో లోటు లేదు. అది సర్కారు బడి దాకా వస్తోంది కూడా. ఫ్లాష్ కార్డులు, గోడ చార్టులు, ప్లాస్టిక్ అక్షరాలు, క్యూఆర్ కోడ్ అచ్చువేసిన పుస్తకం, కొన్నిచోట్ల ట్యాబు. రానిదల్లా ఒక్కటే, పక్క బడిలో అదే తరగతికి అదే పాఠం చెప్పే ఇంకో టీచరు.

కోస్తాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, పిల్లల కొలువుల వెంట ఇక్కడికొచ్చి స్థిరపడిన మనిషిని నేను. రెండు చోట్లా బడులు చూసి అంటున్నాను, ఇంగ్లీషు టీచరుకు ఇంకో కిట్టు ఇచ్చే బదులు నెలకో పూట తోటి టీచర్లతో తీరిగ్గా కూర్చునే వీలు కల్పించండి. పిల్లలకు అంతకు మించిన మేలు లేదు.

ఇక్కడి ఊళ్లలో ఒకదానిలో ఉన్న ప్రాథమిక పాఠశాలకు అప్పుడప్పుడు వెళ్తుంటాను. మూడో తరగతి గదిలో కిటికీ చువ్వ నుంచి గోడ మేకు దాకా ఒక పురికొస కట్టి ఉంటుంది. దానికి బట్టల క్లిప్పులతో బిస్కెట్ రేపర్లు, సబ్బు కవర్లు, షాంపూ పొట్లాలు, అగ్గిపెట్టె అట్టలు. అన్నీ పిల్లలు ఏరి తెచ్చినవే. మొదట్లో పార్లే-జీ రేపరు చూపించగానే పిల్లలు ఎలుగెత్తి చదివేసేవారట. టీచరు సంబరపడింది. అదే పేరు నల్లబల్ల మీద రాస్తే ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పటిదాకా వాళ్లు చదివింది పసుపు రంగునీ, దాని మీది పాప బొమ్మనీ. అప్పుడామె రేపర్లు కత్తిరించి, బొమ్మలు తీసేసి, పేరు ముక్క మాత్రం తాడుకు తగిలించింది. కొన్నాళ్లకు ఆ పేరునే కార్బన్ కాగితం పెట్టి తెల్లకాగితం మీదికి దించింది. ఆ తర్వాత సుద్దముక్కతో బల్ల మీద రాసింది. ఈసారి పిల్లలు ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి కూడబలుక్కుని చదివారు.

"ఈ పద్ధతి ఎవరు నేర్పారు మేడమ్‌జీ?" అని అడిగాను.

"ఎవరూ నేర్పలేదు ఆంటీజీ. తోచింది చేశాను. ఇంకెవరైనా ఇలా చేస్తున్నారేమో నాకు తెలీదు" అంది.

ఆ ఆఖరి మాటే నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది. నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఇంకో బడి ఉంది. అక్కడి పిల్లలు పాఠం గడగడా అప్పజెబుతారు. అందులోని మాటే వేరే పేజీలో కనిపిస్తే గుర్తుపట్టరు. ఆ టీచరు ఈ చిక్కుతో ఎన్నాళ్లుగానో తల పట్టుకుంటోంది. ఈమె చేతిలో ఉన్న మందు ఆమెకు తెలియదు. ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.

ఇలాంటి విద్య పెట్టెలో సర్ది పంపేది కాదు. మన పిల్లల నోటినీ చెవినీ ఏళ్ల తరబడి గమనించినవాళ్లకే పట్టుబడుతుంది. బెంగాలీలోనూ మైథిలిలోనూ అతనికీ ఆమెకీ సర్వనామం ఒకటే కాబట్టి, ఆ ఇళ్ల పిల్లలు హీ, షీ కలగాపులగం చేసేస్తారు. తెలుగు పిల్లలకు అక్కడ తడబాటు తక్కువ. మనవాళ్లు జారేది ఎ, ది పెట్టాల్సిన చోట. ఇంకా, బస్సు, రోడ్డు, కప్పు అని అలవాటైన నోరు హల్లు మీద ఠక్కున ఆగనంటుంది. స్కూల్ అన్న మాట ముందు తూర్పు యూపీ పిల్లవాడు ఇకారం చేర్చి ఇస్కూల్ అంటాడు, పడమటివాడు మధ్యలో అకారం పెట్టి సకూల్ అంటాడు. అమెరికాకో ఇంగ్లండుకో వలసపోయిన పిల్లల కోసం అక్కడివాళ్లు రాసిన పుస్తకాలలో ఈ సంగతులు ఉండవు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు. బరోలా టీచరుకూ బాపట్ల టీచరుకూ మాత్రం ఇవి కంఠోపాఠం. వాళ్ల ఎరుక ఒకచోట పోగుపడకపోవడం వల్ల కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి టీచరూ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది.

ఈలోగా సర్కారులు తొందరపడుతూనే ఉన్నాయి. ఉత్తరప్రదేశ్ 2018 ఏప్రిల్‌లో ఐదు వేల ప్రాథమిక బడులను ఇంగ్లీషు మీడియానికి మార్చాలని నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లీషు మీడియం కోసం తెచ్చిన 85వ నంబరు జీవోను 2020లో హైకోర్టు కొట్టేసినా, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలతో బడులు ఆ దారినే నడిచాయి. 2022-23లో తెలంగాణ కూడా అటే కదిలింది. ఆంధ్రలో 2022 డిసెంబరులో బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచారు, ఆ మరుసటి ఏడు టోఫెల్ నిర్వహించే అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. 2024లో ప్రభుత్వం మారింది, టోఫెల్ తరగతులు పోయాయి. మీడియం మంచిదా చెడ్డదా అన్న తగవులోకి ఇవాళ వెళ్లను. ఏ మలుపు తిరిగినా పిల్లల ముందు నిలబడాల్సింది మాత్రం నిన్నటిదాకా తెలుగులోనో హిందీలోనో లెక్కలు చెప్పిన ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక బడి టీచరే. ఆ మనిషికి తోడెవరన్న ప్రశ్న ఏ జీవోలోనూ నాకు కనబడలేదు.

శిక్షణలు లేవనడం లేదు. 2017లో దీక్షా వేదిక, 2019లో నిష్ఠా శిక్షణ వచ్చాయి. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకునే కార్యక్రమాల్లో పాల్గొనాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ 50 గంటల్లో ఎక్కువ భాగం వీడియో చూసి, ప్రశ్నలకు టిక్కులు పెట్టి, సర్టిఫికెట్ దించుకోవడంతో గడిచిపోతోంది. ఇక మన దగ్గర కాంప్లెక్స్ మీటింగులున్నాయి, ఇక్కడ శిక్షక్ సంకుల్ బైఠకులున్నాయి. కాగితం మీద చూస్తే నేను అడుగుతున్నవి ఇవే. లోపలికి వెళ్లి కూర్చుంటే తెలుస్తుంది. మొదట హాజరు సంతకాలు, ఫొటో. తర్వాత పై నుంచి వచ్చిన సర్క్యులర్లు చదువుతారు. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఎక్కించని వివరాలు, ఫలానా తేదీకల్లా పంపాల్సిన ఫార్మాట్లు. ఇవన్నీ అయ్యేసరికి సమయం చాలదు. ఎవరైనా టీచరు లేచి "మా పిల్లలకు చదవడం వస్తోంది గానీ అర్థం కావడం లేదండీ" అని మొదలుపెడితే, దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం అంటారు. ఆ తర్వాత అనేది రాదు. పాపం, రిసోర్సు పర్సన్లను తప్పుపట్టలేను. వాళ్ల మెడ మీదా గడువులున్నాయి. ఆ పూట టీచర్లది అని ఎవరూ రాసిపెట్టలేదు, అదీ లోపం.

టీచర్లు కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? సుమారు 1906-07లో జె.ఎ. యేట్స్ అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తర్జుమా లేకుండా, మాట్లాడే భాషలోనే భాష నేర్పే పద్ధతి మీద ఆయనకు నమ్మకం. జనం మాట్లాడే తెలుగు ఒకటీ, బడి పుస్తకంలో తెలుగు ఇంకొకటీ ఎందుకుందని ఆయనకు అనుమానమొచ్చింది. విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. ఉత్తరాలు రాసుకున్నారు, సభలు పెట్టారు, వాదించుకున్నారు. ఈ వ్యాసాన్ని నేను రాస్తున్న వాడుక భాష అచ్చులోకి రావడానికి వాళ్ల మాటలే దారి వేశాయి. ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. దాని వేరు భాష ఎలా నేర్పాలన్న బడిపంతుళ్ల చర్చలో ఉందన్న సంగతిని ఆ సభల్లో ఎవరూ ఎత్తగా వినలేదు.

ఆ తర్వాత కూడా ఉదాహరణలు కొదవలేదు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నడిపించిన బెంగుళూరు ప్రాజెక్టుకు ప్రపంచమంతటా ఇంగ్లీషు బోధనలో పేరుంది. వ్యాకరణం వల్లె వేయించకుండా రైల్వే టైమ్‌టేబులు, ఊరి పటం లాంటివి పిల్లల ముందు పెట్టి, ఏ బండి ఎక్కితే ఎప్పటికి చేరతామో ఇంగ్లీషులో తేల్చమనేవారు. సామగ్రి అంటే నల్లబల్ల, సుద్దముక్క, కాగితం, పెన్సిలు. పాఠమయ్యాక ఏది పిల్లలకు అందింది, ఏది అందలేదు అని టీచర్లు కూర్చుని తేల్చుకుని మర్నాటి పాఠం సవరించుకోవడమే దాని బలం. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో పదహారు బడుల్లో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం టీచర్ల నెలవారీ సమావేశాల మీదే ముప్పై ఏళ్లు నిలబడింది. 2002లో ప్రభుత్వం దాన్ని మూసేసింది. అది సైన్సు సంగతైనా కిటుకు ఒకటే. ఇటీవల మహారాష్ట్రలో తేజస్ పేరుతో ఇంగ్లీషు చెప్పే ప్రాథమిక టీచర్లను చిన్న చిన్న బృందాలుగా కలిపారు. మనమూ చేయని వాళ్లమేం కాదు. 1980లలో బ్రిటిష్ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద టీచర్ల కేంద్రాలు వెలిశాయి. నిధులు ఆగాక వాటిని నిలబెట్టుకోలేకపోయాం.

ఇంగ్లీషు బోధకుల పెద్ద సంఘాల గురించి కూడా ఒక మాట. అమెరికాలో టీసాల్ 1966లో, ఇంగ్లండులో ఐయాటెఫల్ 1967లో, మన దేశంలో ఎల్టాయ్ 1969లో పుట్టాయి. 1958లో హైదరాబాదులో మొదలైన కేంద్ర ఇంగ్లీషు సంస్థ ఇప్పుడు ఇఫ్లూ అనే విశ్వవిద్యాలయం. వీటిలో జరిగే పని మీద నాకు గౌరవముంది. అయితే ఆ సదస్సులకు వెళ్లేవాళ్లలో కాలేజీ అధ్యాపకులే ఎక్కువ. నలభై మంది పిల్లల్ని వదిలి, సెలవు పెట్టి, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి, ఇంగ్లీషులో పత్రం చదవడానికి ప్రాథమిక టీచరు రాలేదు. ఆమె దగ్గరికే సంఘం నడిచి రావాలి.

వీళ్లందరికన్నా ఒంటరివాళ్లు ఇంకొకరున్నారు. ఈ ఊళ్ల సందుల్లో, మన పట్టణాల వాడల్లో, తక్కువ ఫీజు తీసుకునే ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులు కనిపిస్తాయి. వాటిలో పాఠాలు చెప్పే అమ్మాయిల జీతం ఎంతో మీకు తెలిసిందే. వాళ్లకు కాంప్లెక్స్ మీటింగూ లేదు, సంకుల్ బైఠకూ లేదు. 2019 మార్చి 31 కల్లా ప్రతి టీచరుకూ శిక్షణ అర్హత ఉండాలని చట్టం చెప్పినప్పుడు, ఇదే సెక్టార్ 62 నుంచి ఎన్‌ఐఓఎస్ లక్షలాది టీచర్లకు డీఎల్‌ఎడ్ కోర్సు నడిపింది. స్టడీ సెంటర్లలో తరగతులకు వచ్చినప్పుడు ఆ అమ్మాయిలు బహుశా మొదటిసారి తమలాంటి మిగతావాళ్లను చూశారు. పరీక్షలయ్యాయి, సర్టిఫికెట్లు వచ్చాయి, ఎవరి సందులోకి వాళ్లు వెళ్లిపోయారు. అంత పెద్ద బలగం ఒకసారి పోగయ్యాక దాన్ని చెదిరిపోనివ్వడం మన విద్యావ్యవస్థ చేసిన పెద్ద పొరపాట్లలో ఒకటని నా నమ్మకం.

వాట్సాప్ గ్రూపులున్నాయిగా అంటారు. వర్క్‌షీటు పంపుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి. పిల్లవాడి నోటుబుక్కు బల్ల మీద పెట్టి, వీడు ఇక్కడ ఇలా ఎందుకు రాశాడో చూడండి అని నలుగురూ తలలు వంచి చూడాలంటే ఎదురెదురుగా కూర్చోవాల్సిందే. తనకు ఇంగ్లీషులో ఏం రాదో ఒప్పుకోవాలంటే పక్కన నమ్మకమైన మనిషి ఉండాలి, గ్రూపులో అధికారి ఉన్నప్పుడు ఎవరూ ఒప్పుకోరు.

నేను అడిగేది ఇంతే. నెలకో శనివారం మధ్యాహ్నం ఒక కాంప్లెక్సులో ఇంగ్లీషు చెప్పేవాళ్లంతా కలవాలి. ఆ పూట డ్యూటీగా లెక్కకట్టాలి, దారి ఖర్చులివ్వాలి, ఆ రోజు సర్క్యులర్లు చదవకూడదు. ప్రతి ఒక్కరూ పిల్లలు రాసిన కాగితాలు కొన్ని పట్టుకుని రావాలి. తేలిన సంగతులు ఒక నోటుబుక్కులో రాసిపెట్టి, ఏడాది చివర జిరాక్సు తీయించి అందరికీ పంచాలి. చుట్టుపక్కల ప్రైవేటు బడుల టీచర్లనూ పిలవాలి. దీనికి కొత్త బడ్జెట్టు పెద్దగా అక్కర్లేదు.

ఉపాధ్యాయ సంఘాలు ఈ పని చేయగలవు. బదిలీలకూ డీఏ బకాయిలకూ జిల్లా జిల్లాలో వేలమందిని కదిలించగల సత్తా, నెలనెలా ఐక్య ఉపాధ్యాయ లాంటి పత్రిక తెచ్చే అలవాటు మన సంఘాలకున్నాయి. ఆ బలంలో కొంత తరగతి గదికి కేటాయించమని వేడుకుంటున్నాను. ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్లకూ ఒక మాట. చిన్న వయసులోనే కాకినాడలో ఆడవాళ్లకు హిందీ చెప్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీకి 1948లో ప్రాణం పోశారు. సర్కారు బడులకు ట్యాబులు, సంచులు పంచిపెట్టే మన అపార్టుమెంటు సంఘాలు ఈసారి కమ్యూనిటీ హాలు తాళం ఇవ్వండి. శనివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండేదే అది. ఒక ఫ్యాను, నాలుగు బెంచీలు, టీ, జిరాక్సు ఖర్చు చాలు.

మీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచరు ఈసారి ఎదురైతే, తోటి ఇంగ్లీషు టీచర్లతో ఈ నెలలో ఎప్పుడు కూర్చున్నారని అడగండి. కూర్చోలేదంటే, ఆ పూట ఇప్పించమని మీ మండల విద్యాధికారి ఎంఈఓకు కాగితం మీద రాసివ్వండి.