రచ్చ పరువు తీసిందెవరు?

పొద్దుగూకాక ఏ తెలుగు వార్తా చానల్ పెట్టినా డిబేటే. నలుగురు కూర్చుంటారు, నలుగురూ ఒకేసారి అరుస్తారు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. చూసినవాళ్ళకు మిగిలేది కోపం ఒక్కటే. దీన్ని చర్చ అనడం చర్చకే అవమానం.

డిబేట్ అన్న ఇంగ్లీషు మాట పుట్టిందే కొట్లాటలో. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మూలంలో ఉన్నది కొట్టడమనే అర్థం. ఇంగ్లీషులో తొలినాళ్ళలో డిబేట్ అంటే తగాదాయే. తర్వాత వాళ్ళు దానికి కట్టుబాట్లు పెట్టారు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలి, ఏం చెప్పినా సభాధ్యక్షుడికే చెప్పాలి. అట్లా తగాదా సభకెక్కింది.

మన రచ్చ దానికి ఎదురుదారిలో నడిచింది. రచ్చ అంటే ఊరంతా కూడి మంచిచెడ్డలు తేల్చుకునే చోటు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ రోజు ‘రచ్చ చేశాడు’ అంటే అల్లరి చేశాడని. ఆ మాటను అంత కిందికి దించింది మనమే.

వాదించడం ఈ నేలకు చేతకాక కాదు. చిత్తూరు పక్క కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి, 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాసి, పండితులు నెత్తిన పెట్టుకున్న ప్రబంధాలను నిలదీశారు. ఆ రాతలో వేడికి కొదవ లేదు. కానీ పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ ఎదురుగా పెట్టుకొని, మెచ్చాల్సింది మెచ్చి, తప్పున్న చోట కారణం చూపి తప్పన్నారు. ఆయన్ను కాదనాలన్నా ముందు ఆ పుస్తకం చదవక తప్పదు.

మన కాలపు వాదనలు కూడా చూడండి. 2021 ఏప్రిల్ 21, శ్రీరామనవమి నాడు తిరుమల తిరుపతి దేవస్థానం, హనుమంతుడు తిరుమల అంజనాద్రిలోనే పుట్టాడని ప్రకటించింది. కర్ణాటకలోని కిష్కింధలో పుట్టాడనే పక్షాన గోవిందానంద సరస్వతి కాదన్నారు. మే 27న తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. ఏకాభిప్రాయం కుదరలేదు. అయినా కూర్చుని ఆధారం అడిగారు, అది గౌరవం. మరుసటి ఏడు మే 31న నాసిక్‌లో ఇదే వివాదం మీద సాధువులు కూడితే, ఎవరి ఆసనం ఎత్తుగా ఉండాలన్న దగ్గరే గొడవ ముదిరి, మైకెత్తి కొట్టబోయేదాకా పోయింది. అది పతనం.

మరి మన తిరుమల లడ్డూ మాట? 2024 సెప్టెంబరు 18న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, గత ప్రభుత్వ కాలంలో లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందన్నారు. ప్రతిపక్షం అబద్ధమంది. అది ప్రయోగశాల, దర్యాప్తు తేల్చాల్సిన విషయం. స్టూడియోలు మాత్రం ఆ రాత్రే తీర్పులిచ్చేశాయి. దేవుళ్ళనైనా రాజకీయాలకు దూరంగా ఉంచండని సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అక్టోబరు 4న అయిదుగురితో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసింది. ఏడుకొండలవాడి ఊరికి ఇంతకంటే తలవంపులేముంది?

గౌతముడి న్యాయసూత్రాలు ఈ రోగాన్ని ఏనాడో పసిగట్టాయి. నిజం తేలడానికి చేసేది వాదం. గెలవడానికే చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడమే పనిగా పెట్టుకునేది వితండం. ఎక్కడెక్కడ తడబడితే ఓడినట్టో 22 నిగ్రహస్థానాలు రాసిపెట్టారు. తిరుపతిలో పిల్లలు ఈ న్యాయశాస్త్రం చదువుతున్నారు. అదే ఊళ్ళో పెద్దలు రోజూ వితండం చూసి చప్పట్లు కొడుతున్నారు.

కోపం లేకుండా వాదమేమిటని అడుగుతారు. కోపం ఉండాల్సిందే. దేవుడి ప్రసాదంలో కల్తీ అంటే రగలని గుండె గుండే కాదు. కానీ ఆధారం లేని కేకల వల్ల బాగుపడేది తప్పు చేసినవాడే. ఆ గోలలో వాడు నింపాదిగా తప్పించుకుంటాడు, నిందపడ్డ నిర్దోషి గొంతు వినపడకుండా పోతుంది.

చానళ్ళు నడిపే పెద్దలారా, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళ మైకులు ఆపండి. ఆధారం చూపనివాణ్ణి మళ్ళీ పిలవకండి. చదువుతున్న అన్నల్లారా, అక్కల్లారా, ఎదుటివాడి మాటను ముందు వాడే ఔననేటట్టు చెప్పి, ఆ తర్వాతే ఖండించండి. ఆధారం లేకుండా అరిచేవాడు మన కులంవాడైనా, మన పార్టీవాడైనా వాడికి చప్పట్లు కొట్టకండి.