ధరలను రూపాయల్లో కాదు, క్వింటాళ్లలో లెక్కేద్దాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మొన్న మా అమ్మాయి ఇంటర్ ఫీజు రెండో విడత కట్టడానికి హైదరాబాద్ పోయాను. రాత్రికి మా బామ్మర్ది ఇంట్లో ఉన్నా. ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. అన్నం తింటూ అన్నాడు: "బావా, సిటీలో ఏదీ కొనేటట్టు లేదు. బియ్యం కిలో అరవై. కూరగాయల సంగతి చెప్పే పనే లేదు. మీకేం, పండించినోళ్ళకి పండగే."

మంచి మనిషి, వెటకారంగా అనలేదు. అందుకే కోపం రాలేదు, కానీ నిద్ర కూడా పట్టలేదు. తెల్లారి బస్సులో కూర్చుని ఫీజు రసీదు వెనకాలే లెక్క రాసుకున్నా. ఆ లెక్కే ఇది.

నేను 1990లో ఇంటర్ అయ్యాక కోచింగ్ అని ఆరు నెలలు చిక్కడపల్లిలో ఉన్నా. ముగ్గురం ఒక గది, అద్దె 300. ఇరానీ చాయ్ రూపాయిన్నర. బియ్యం ఇంటి నుంచే మోసుకుపోయేవాళ్ళం. అయిపోతే కొట్లో కిలో ఆరు రూపాయలకి కొనేవాళ్ళం. ఆ ఏడాది ధాన్యం సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకి 205. ఇప్పుడు 2025-26లో 2,369. అంటే పదకొండున్నర రెట్లు పెరిగింది.

ఇక మిగతావి చూడండి. బియ్యం ఆరు నుంచి అరవై, పది రెట్లు. చాయ్ ఇరవై, పదమూడు రెట్లు. అదే సందులో అలాంటి గది ఇప్పుడు ఏడు వేలు అంటున్నారు, ఇరవై మూడు రెట్లు. పది గ్రాముల బంగారం అప్పుడు మూడు వేల రెండు వందల దగ్గర ఉండేది, 2025లో లక్ష దాటింది. ముప్పై రెట్లకు పైనే. మా ఊళ్ళో నాటు కూలి అప్పుడు 15, ఇప్పుడు 500. ముప్పై మూడు రెట్లు.

దీన్నే ధాన్యంలో చెప్పుకుంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. అప్పుడు గది అద్దె క్వింటాన్నర, ఇప్పుడు మూడు క్వింటాళ్లు. అప్పుడు పది గ్రాముల బంగారం పదహారు క్వింటాళ్లు, ఇప్పుడు నలభై రెండు పెట్టినా రాదు. నేను సర్కారు కాలేజీలో దాదాపు ఊరికే చదివా. అమ్మాయికి ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్షా ఎనభై వేలు. డెబ్బై ఆరు క్వింటాళ్లు! ఎకరానికి పాతిక వచ్చినా మూడెకరాల ఒక కారు పంట, పెట్టుబడి తీయకుండానే.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు ఒక మాట అడుగుతారు. సర్కారు ధరల సూచీ ఏం చెబుతుందని. అదీ చూశా. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ అని ఒకటుంది. హైదరాబాద్‌తో కలిపి దేశంలో 88 కేంద్రాల్లో, 317 మార్కెట్లలో ధరలు రాసుకుని కడతారు. దీని మీదే కేంద్ర ఉద్యోగుల డీఏ లెక్క. 1982ని వంద అనుకుంటే 1990-91లో ఆ సూచీ 193. తర్వాత 2001ని, ఆ తర్వాత 2016ని వంద చేశారు. కొత్త అంకెను పాతదానిలోకి మార్చడానికి 2.88తో, మళ్ళీ 4.63తో గుణించాలి. 2025 చివర్లో సూచీ 148 దగ్గరుంది. గుణిస్తే పాత లెక్కలో 1,970 దాకా వస్తుంది. అంటే పది రెట్లు.

ఇంకేం, ధరలు పది రెట్లు పెరిగితే ధాన్యం పదకొండున్నర రెట్లు పెరిగింది కదా, రైతు నష్టపోలేదు కదా అంటారు ఆఫీసర్లు. కాగితం మీద అది నిజమే. నేనూ కాదనను.

కానీ ఆ పది రెట్లు అనేది సగటు. అందులో గదీ ఉంది, ఆస్పత్రీ ఉంది, ఫీజూ ఉంది, బియ్యమూ కూరగాయలూ ఉన్నాయి. ఒకవైపు ఇరవై, ముప్పై రెట్లు పెరిగినవి ఉన్నా సగటు పది దగ్గర ఆగిందంటే, మిగతావి దాన్ని కిందికి లాగి పట్టుకున్నాయని అర్థం. అలా పట్టుకున్న వాటిలో మన బియ్యం ఒకటి. నగరంవాడు దాన్ని కొంటాడు, కాబట్టి అతనికి అది ఊరట. మనం దాన్ని అమ్ముతాం. అమ్మిన డబ్బుతో కొనేవేమో ముప్పై రెట్లు పెరిగినవి. సగటు ఒకటే, బతుకులు వేరు.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. దిగుబడి పెరిగింది, అప్పుడు మా పొలంలో ఎకరానికి పద్దెనిమిది క్వింటాళ్లు దాటేది కాదు. మోటార్లకు కరెంటు ఉచితం. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసల దగ్గరే నిలబెట్టారు. కూలి పెరిగిందని నేను ఏడవను, వాళ్ళూ అదే అంగట్లో అదే ఉల్లిగడ్డ కొనుక్కోవాలి. అలాగే నగరంలో ఆటో తోలేవాడు, ఇళ్లలో పనిచేసే ఆడమనిషి మనకి శత్రువులు కారు. వాళ్ళకి డీఏలు లేవు.

నా బాధ వేరే చోట ఉంది. మన సరుకు ధర కాస్త లేవగానే దాని నెత్తిన చెయ్యి పెడతారు. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. మళ్ళీ వదిలింది 2024 సెప్టెంబర్‌లో. అదే 2023 జూలైలో టమాటా వంద దాటితే, ఆగస్టులో నేపాల్ నుంచి తెప్పించారు. రెండు నెలలు తిరక్కుండానే రైతుకి కిలోకి పది కూడా రాని రోజులొచ్చాయి. అప్పుడు ఏ టీవీవాడూ మైకు పట్టుకుని రాలేదు. హాస్టల్ ఫీజు ఇరవై శాతం పెరిగినప్పుడు దాన్ని ఆపినవాళ్ళని నేను చూడలేదు.

పైగా నగరంవాడు ఇచ్చిందంతా మనకి రాదు. రిజర్వ్ బ్యాంకు వాళ్ళ అధ్యయనమే 2024లో చెప్పింది: వినియోగదారు పెట్టే రూపాయిలో టమాటా రైతుకి 33 పైసలు, ఉల్లి రైతుకి 36, ఆలుగడ్డ రైతుకి 37 అందుతున్నాయట.

పేదవాడికి చవకగా తిండి పెట్టొద్దా అంటే, పెట్టాలి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. ఆ తేడా ఖజానా భరించింది. అది పద్ధతి. ఎగుమతి ఆపి ధర దించితే ఆ తేడా మన కళ్లంలోంచి పోతుంది. పెద్ద జీతం ఉన్నవాడి బియ్యానికి కూడా మనమే రాయితీ ఇచ్చినట్టు. నా అభిప్రాయం ఇదొక్కటే: నగరానికి చవక తిండి ఖర్చు ఖజానా మోయాలి, మూడెకరాల రైతు కాదు. ఎగుమతి ఆపాలనుకుంటే పడిపోయిన ధరకి పరిహారం కూడా అదే రోజు ప్రకటించాలి.

మనం చేయగలిగింది ఒకటుంది. ఈ కారు నుంచి ఇంటి లెక్క క్వింటాళ్లలో రాయండి. ఫీజు ఎన్ని క్వింటాళ్లు, ఆస్పత్రి ఎన్ని, దుక్కి ఎన్ని. రేపు నాయకుడు ఊళ్ళోకొచ్చి "మద్దతు ధర ఇంత పెంచాం" అంటే ఆ పుస్తకం ముందు పెట్టి మాట్లాడదాం.

బామ్మర్దికి కూడా ఈ రసీదు ఫోటో పంపా. చాలాసేపటికి జవాబొచ్చింది: "ఇట్లా ఎప్పుడూ లెక్కేయలేదు బావా."

మీ ఊళ్ళో 1990లో కూలి ఎంత, ధాన్యం ఎంతకి అమ్మారో గుర్తుంటే కామెంట్లో రాయండి. పెద్దవాళ్ళని అడిగి రాయండి.

ఇట్లు,
సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల రైతు