బలమండీ, బలం!

మా ఆవిడ ఈమధ్య డబ్బాలమీద సన్నక్షరాలు చదవడం నేర్చుకుంది. "ఇది ఐస్‌క్రీం కాదండీ, ఫ్రోజెన్ డెజర్ట్! అంతా నూనె!" అంటూ ఒకటి పక్కన పడేసి, పాలతో చేసింది మాత్రం "బలం నాన్నా" అని మనవడి నోట్లో నాలుగు చెంచాలు ఎక్కువే పెడుతుంది.

నూనెని మీగడగా అమ్మితే మోసమే, కాదనను. కాని బలం మాటేమిటి? మన ఆహార నిబంధనల ప్రకారం మామూలు ఐస్‌క్రీంలో పాలకొవ్వు 10 శాతానికి తగ్గకూడదు. ఫ్రోజెన్ డెజర్ట్‌లోనూ కొవ్వు అంతే, కాకపోతే పామాయిల్ వగైరా. మాంసకృత్తులు రెండింట్లోనూ 3.5 శాతం ఉంటే చాలు. పంచదారకి ఎక్కడా లోటు లేదు. పైగా లీటరు 525 గ్రాములు తూగితే సరి! తక్కినది చాలామటుకు గాలే.

పోనీ గాలి కొట్టని కుల్ఫీ? పాలు మరిగి మరిగి చిక్కబడ్డాయి గనక, చెంచాడులో కొవ్వూ చక్కెరా ఇంకా ఎక్కువ. మా చిన్నప్పటి పుల్ల ఐసు ఉత్త రంగునీళ్లూ పంచదారే. పాపం, అది ఏనాడూ బలం పేరెత్తలేదు.

మనవడికి ఆరేళ్లు. అప్పుడే రెండు పళ్లు పుచ్చాయి. బలానికి గ్లాసెడు పాలివ్వండి. ఐస్‌క్రీం ఎప్పుడైనా సరదాకి పెట్టండి, సరదా అనే చెప్పి పెట్టండి!