గృహపరిశ్రమ: పాత వడ్రంగపు యంత్రమును కొనుట



గడచిన మాసమున వెదురుబుట్టల యల్లికను గూర్చి వ్రాసియుంటిని. దానిని చదివి, పాడేరు సమీపమునుండి యొక సోదరి నాకు జాబు వ్రాసినది. ఆమె కుమారుడు వడ్రంగము నేర్చి, యింటివద్దనే పని పెట్టుకొనగోరుచున్నాడట. క్రొత్త యంత్రమునకు సొమ్ము చాలదు. పాతది కొనవచ్చునా, కొనిన మోసపోకుండుట యెట్లు అని యామె ప్రశ్న. మా యింట నీ వ్యవహారము గడచిన యేడే జరిగినది గనుక, మేము పడిన పాటునే చెప్పుట మేలని తోచినది.

మా మఱది ఐ.టి.ఐ.లో వడ్రంగము నేర్చినవాడు. మావారి బడిపని చేత అరకులోయలో మాది యద్దెయింటి కాపురము. ఈ మన్యమున గిరిజనేతరులు భూమి కొనరాదు. జనులు వన్ ఆఫ్ సెవెంటీ యని పిలుచు 1970 నాటి చట్టము గిరిజనుల భూములను కాపాడుటకై యేర్పడినది. బదిలీ యైన దినమున మేము సామాను కట్టుకొని పోవలసినవారమే. కావున నాలుగు పనులకు నాలుగు యంత్రములు మాకు తగవు. కఱ్ఱను చిత్రిక పట్టుట, దళము సరిచేయుట, గుండ్రని రంపముతో కోయుట, కుసి దిగుటకు బెజ్జము వేయుట, ఈ నాలుగింటిని ఒక్క మోటారుతో చేయునట్టి యంత్రము కలదు. పనివాండ్రు దానిని మల్టీపర్పస్ మిషను అందురు.

ముందుగా ఒక మాట. ఏ వస్తువు చేయుదుమో నిశ్చయించుకొనక యంత్రము కొనరాదు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱతో లక్కబొమ్మలు చేయుదురు. వానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పనికి కఱ్ఱను త్రిప్పు లేతు ముఖ్యము గాని మేము కొనిన యంత్రము కాదు. మా మఱది చేయదలచినవి బల్లలు, పీటలు, తలుపులు. అరకు కాఫీతోటలలో నీడకై పెంచు సిల్వరు ఓకు చెట్లను మీరెఱుగుదురు; వానిపైననే మిరియపు తీగెలు ప్రాకును. ఆ కఱ్ఱ బల్లలకు పనికివచ్చును. తోటవారు చట్టప్రకారము అమ్మిన కఱ్ఱనే కొందుమని మేము మొదటనే నియమము చేసికొంటిమి.

యంత్రములు పురుషుల సొత్తని యనుకొనకుడు. 1813 ప్రాంతమున అమెరికాలో టబితా బాబిట్ అను షేకరు మతస్థురాలు, ఇద్దరు మనుష్యులు రంపము లాగుట చూచి, ముందుకు వచ్చునప్పుడు మాత్రమే రంపము కోయుచున్నది, వెనుకకు పోవునప్పటి శ్రమ వృథా యని గ్రహించి, తన రాట్నమునకు పండ్లచక్రమును తగిల్చి చూచినదని వారి సంప్రదాయము. 1777లోనే ఇంగ్లండులో సామ్యుయెల్ మిల్లరు గుండ్రని రంపమునకు పేటెంటు పొందియున్నాడు గనుక తొలి కర్త యామెయే యని చెప్పజాలము. అయినను రాట్నము చెంత కూర్చున్న స్త్రీకి రంపము లోపము కనబడినదను మాట నాకు మిక్కిలి ప్రియమైనది.

ఇక మా కథ. పొదుపు సంఘమున నేను కూడబెట్టిన సొమ్ములో 38,000 రూపాయలు పెట్టి, పట్టణమందలి యొక పాత యంత్రముల వర్తకునివద్ద యంత్రము తెచ్చితిమి. ఆకుపచ్చని రంగుతో నది నవనవలాడుచుండెను. భారతము చదివిన దాననే! నీరున్నచోట నేలగను, నేలయున్నచోట నీరుగను తోచిన మయసభలో దుర్యోధనుని గతి యేమైనదో యెఱిగియుండియు, నేను రంగును చూచి యంత్రమును మెచ్చితిని. "ఏ యింటనైనను తిరుగునమ్మా" అని వర్తకుడు చెప్పెను. ఇంటికి తెచ్చి చూడగా మోటారు 3 గుఱ్ఱముల శక్తి గల త్రీఫేజు మోటారు. దానికి 415 వోల్టులు కావలయును. మా యింటికి వచ్చునది సింగిలు ఫేజు, 230 వోల్టులు. మోటారు రేకుపై నీ సంగతి స్పష్టముగా చెక్కియే యున్నది, చదువవలసినది నేనే. వర్తకుడు తిరిగి తీసికొన ననెను. 2 గుఱ్ఱముల సింగిలు ఫేజు మోటారు బిగించుటకు మఱియొక 11,000 రూపాయలు వ్యయమైనవి. మావారు నన్నొక మాట యనలేదు. ఆ మౌనమే నాకు కష్టమైనది.

అంతకంటె పెద్ద సంగతి మఱియొకటి. రంపమునకును, చిత్రిక కత్తులకును పైన నుండవలసిన కాపుమూతలు లేవు. "అవి పనికి అడ్డు, అందఱు తీసివేయుదురు" అని వర్తకుడు చెప్పియుండెను. మా మఱదియు, "వదినా, నేను జాగ్రత్తగా చేసికొందును" అని బతిమాలెను. మా పొరుగున నొక వృద్ధ వడ్రంగి కలరు. యౌవనమున మైదానములోని రంపపు మిల్లులో పనిచేసినవారు. యంత్రమును చూడవచ్చిన ఆ తాతగారిని, మూతలు లేకున్న నేమగునని అడిగితిని. ఆయన బదులు పలుకక తన యెడమచేయి చాచి చూపిరి. రెండు వ్రేళ్లు లేవు. మా మఱది మారుమాటాడలేదు. మూతలు చేయించి బిగించువఱకు మూడు వారములు యంత్రము గోనెపట్టా క్రిందనే యున్నది.

ఆ తాతగారే నాకు పరీక్షావిధానము నేర్పిరి. దానినే మీకు చెప్పుచున్నాను.

మొదట, విద్యుత్తు లేకుండగనే కత్తుల దిమ్మెను చేతితో మెల్లగా త్రిప్పి చూడవలయును. అంచులు పదునైనవి గనుక పట్టీ పట్టుకొని త్రిప్పుట మేలు. గరగర ధ్వని వచ్చినను, మీదికి క్రిందికి కదలినను బేరింగులు అరిగినవని యర్థము. దీనికి భయపడ నక్కఱలేదు. బేరింగుపైనున్న సంఖ్యనుబట్టి క్రొత్తది దొరకును. 6205 అను సంఖ్య గలది యే దేశమున చేసినను లోపలి రంధ్రము 25, వెలుపలి కొలత 52, దళము 15 మిల్లీమీటర్లే.

రెండవది, పోతయినుప బల్లలు. నిక్కమైన యినుప కొలబద్దను పొడవునను, మూలలకును పెట్టి చూచి, సందున వెలుతురు కనబడుచున్నదేమో పరికింపవలయును. ముందుబల్లయు వెనుకబల్లయు సమాంతరముగా నుండనిచో నెంత నేర్పరి చిత్రిక పట్టినను కఱ్ఱ వంకరపోవును. పోతయినుము పగిలినచో నదుకుట కష్టము. క్రొత్త రంగు దట్టముగా నున్నచోటనే గీరి చూడుడు. పగుళ్లు సామాన్యముగా నచ్చటనే దాగియుండును.

మూడవది, దిమ్మె యాకారము. పూర్వపు యంత్రములలో చతురస్రపు దిమ్మె యుండెడిది. దాని మూలకు బల్లకు నడుమ వ్రేలు చొచ్చునంత సందు. అట్టిది ధర్మమునకిచ్చినను వలదు. గుండ్రని దిమ్మెయే కోరవలయును. రంపము వెనుక చీలికలో నిలుచు రేకు కూడ నుండవలయును. అది లేనిచో కోసిన కఱ్ఱ రంపమును బిగబట్టి, పనివాని రొమ్ముపైకి విసరికొట్టును.

నాలుగవది, యంత్రమును మన కన్నులయెదుట త్రిప్పించి, ఒక పలకను చిత్రిక పట్టించి, కోయించి చూచినగాని సొమ్ము చేతికీయరాదు. రసీదులో మోటారు వివరములు వ్రాయించుకొనవలయును.

కొన్న తరువాత: గాజులు, వ్రేలాడు కొంగు, జాఱు జడ యంత్రమువద్దకు రారాదు, చేతితొడుగులును తగవు, తిరుగు భాగము వానిని పట్టి చేతిని లాగును. చిన్న ముక్కలను వ్రేళ్లతో గాక కఱ్ఱతో నెట్టవలయును. కఱ్ఱపొడిని క్యాన్సరు కారకముగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. కావున ముక్కునకు తగిన మాస్కు కట్టుకొని, వంటయింటికి, పసిబిడ్డల ఊయలకు దూరముగా పని పెట్టుకొనవలయును. మన కొండల మంచుకు ఇనుము త్వరగా తుప్పుపట్టును గనుక ప్రతిసాయంకాలము నూనెగుడ్డతో తుడువుడు.

అడవి చెంత నివసించు మనకు మఱియొక విధి కలదు. రంపపు మిల్లులకు 1969 నాటి రాష్ట్ర నియమములున్నవి. 1996 డిసెంబరు 12వ తేదీన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అనుమతిలేని మిల్లులను కట్టడి చేసినది. ఇంటి రంపము ఆ నియమములలోనికి వచ్చునా రాదా యని మనమే తీర్పు చెప్పుకొనక, యంత్రము కొనకముందే అటవీశాఖ రేంజి కార్యాలయమున వ్రాతమూలకముగా అడిగి, జవాబును భద్రపఱచుకొనవలయును. కఱ్ఱ కొన్న రసీదులను దానితోడనే యుంచుడు.

పాడేరు సోదరీ! నీ కుమారునికి యంత్రము కొనిపెట్టుము. కాని మోటారు రేకును నీవే చదువుము, మూతలకు కావలసిన సొమ్మును వేఱుగా తీసియుంచుము. మా యింట మొదట తయారైనవి అంగన్వాడీ పిల్లలకు ఆఱు పొట్టిపీటలు. వాని యంచులను తాతగారు తమ మూడు వ్రేళ్ల యెడమచేతితో తడవి చూచి, ఒకదానిని మాత్రము మరల చిత్రిక పట్టుమని తిరిగి యిచ్చిరి.

ఇట్లు
మీ సోదరి