30 ఏళ్ల గీత, 26 ఏళ్ల కిడ్నీ

షుగర్ వల్ల మూత్రపిండం చెడిపోవడం మొదలైన సంగతి ఒంటికి తెలియదు. నొప్పి ఉండదు, తొలి ఏళ్లలో వాపూ కనిపించదు. జాడ దొరికేది మూత్రంలోనే. వడపోత పొరలు దెబ్బతిని అల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా బయటికి పోతుంది. గ్రాము క్రియాటినిన్‌కు అది 30 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం మొదలైనట్టే. అయితే కిడ్నీ పరీక్ష అంటే చాలామంది దృష్టిలో రక్తంలో క్రియాటినిన్ ఒక్కటే. అది పెరిగేసరికి పనితీరు దాదాపు సగం పోయి ఉంటుంది.

అసంక్రమిత వ్యాధుల జాతీయ కార్యక్రమం ఇంటింటి పరీక్షలు 30 ఏళ్లు నిండినవారికే అని గీత గీసింది. ఈ గీతను ప్రశ్నించే అధ్యయనం ఒకటుంది. బాల్యంలో, కౌమారంలో టైప్-2 షుగర్ బయటపడిన అమెరికా యువతను ‘టుడే’ అధ్యయనం ఏళ్ల తరబడి గమనించి 2021లో ఫలితాలు వెల్లడించింది. అప్పటికి వారి సగటు వయసు 26. మూత్రపిండాల జబ్బు వచ్చినవారు 54.8 శాతం. సగం మందికి పైగా, అదీ 26 ఏళ్లకే!

అది అమెరికా లెక్క, మనకు వర్తించదనేది ఒక వాదన. అంకె మారొచ్చు, జబ్బు నడక మారదు. జ్వరం, నెలసరి, కఠిన వ్యాయామం వల్ల కూడా అల్బుమిన్ ఎక్కువగా కనిపిస్తుందన్నది మరో అభ్యంతరం. అందుకే మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి, రెండుసార్లు ఎక్కువ వస్తేనే నిర్ధారిస్తారు. పరీక్షే మానేయడానికి అది సాకు కాదు.

నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో ఈ గీత మరింత అర్థరహితం. ఇక్కడి చక్కెర కర్మాగారం నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఉపాధి కరువైన జిల్లా యువకులు గల్ఫ్ బాట పట్టేది 20లలోనే. 30 నిండాక ఆరోగ్య కార్యకర్త తలుపు తడితే ఇంట్లో దొరికేదెవరు? బీడీలు చుట్టే యువతుల విషయం ఇంకా సున్నితం. కిడ్నీని కాపాడే ఏసీఈ ఇన్‌హిబిటర్ మందులు గర్భిణులకు పనికిరావు. కాబట్టి జబ్బు సంగతి పెళ్లికి, కాన్పుకు ముందే తెలియాలి.

కిడ్నీలు పూర్తిగా పాడయ్యాక మాత్రం రాష్ట్ర ప్రభుత్వానికి ఎక్కడలేని ఉదారత. ఆరోగ్యశ్రీ కింద ఉచిత డయాలసిస్, నెలకు 2,016 రూపాయల పింఛను. అవి ఉండాల్సిందే. కానీ 26 ఏళ్లవాడిని వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రానికి కట్టేసే దాకా ఆగి, ఆపైన పింఛను చేతిలో పెట్టడం వైద్య విధానం అనిపించుకోదు. రక్త నమూనాలు సేకరించి పరీక్షించే డయాగ్నొస్టిక్ కేంద్రం నిజామాబాద్‌లో ఇప్పటికే ఉంది. రక్తపు గొట్టం పక్కన మూత్రపు డబ్బా చేరిస్తే చాలు. టైప్-2 అయితే షుగర్ బయటపడ్డ రోజునుంచే, టైప్-1 అయితే ఐదేళ్లు నిండాక, ఏటా ఒకసారి ఈ పరీక్ష చేయాలి. 30 ఏళ్ల గీతను షుగర్ ఉన్న యువత విషయంలో వెంటనే చెరిపేయాలి.