కుటుంబం అంటే ఎందరు?

పోలవరం ముంపు లెక్కలు రెండున్నాయి. 2005లో పర్యావరణ అనుమతి నాటి లెక్క ప్రకారం 276 గ్రామాలు, 44,574 కుటుంబాలు. 2017-18 సర్వే నాటికి ఆవాసాలు 371, కుటుంబాలు లక్ష దాటాయి. పన్నెండేళ్లలో గోదావరి ఒడ్డున ఇళ్లు రెట్టింపయ్యాయా? ఆవాసాలు కలిసిన మాట నిజమే. అయితే మధ్యలో 2013 భూసేకరణ చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండిన వారెవరైనా, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకున్నా, వేరే కుటుంబమే అంది. వితంతువునూ, అయినవాళ్లు వదిలేసిన ఆడమనిషినీ విడిగా రాయమంది. అలా ఒక్క గడప లోపల నాలుగు కుటుంబాలు తేలవచ్చు.

ఆ పైన కటాఫ్ తేదీ. ఆనాటికి 17 ఏళ్ల పది నెలలున్న పిల్ల లెక్కలోకి రాదు. ప్రాజెక్టేమో ఏళ్ల తరబడి సాగుతుంది. ఆమెకు పెళ్లయి పిల్లలు పుట్టినా కాగితం మీద మాత్రం తండ్రి చాటు మైనరే. పరిశోధన పద్ధతుల పాఠంలో దీన్ని ‘యూనిట్ ఎంపిక’ అంటారు. పాపికొండల్లో దాని పేరు ఇల్లు, ప్యాకేజీ.

కొండరెడ్డి ఇంట్లో ఏడాది ఆదాయం అడిగితే చింతపండు, అడ్డాకు సంతలో ఎంతకు పోయాయో చెబుతారు. వేసవిలో కడుపు నింపే జీలుగు కల్లు సంతకు పోదు. దాన్ని ఏ గడిలో రాస్తారు? అడవిలో ఏరుకొచ్చే పని చాలావరకు ఆడవాళ్లది. ఫారం ముందు కూర్చుని జవాబు చెప్పేది తరచూ మగవాడు.

పోడు మరీ చిక్కు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినా పట్టా చేతికి రానివాడు ఎన్ని ఎకరాలని చెప్పాలి? నిజం చెబితే అటవీ శాఖ కేసు భయం. దాస్తే పరిహారం పోతుంది. పరిశోధకుడు ఊరి పేరు మార్చి రాస్తే మనిషి క్షేమం. కానీ రేపు ఆ రైతుకు సాక్ష్యంగా పనికొచ్చే కాగితం కూడా అదే కావచ్చు!

ఈ కొండరెడ్ల మధ్య 1940ల ఆరంభంలో ఆస్ట్రియా దేశస్థుడు హైమెండార్ఫ్ మకాం వేశారు. 1945లో పుస్తకం తెచ్చారు. కలప వ్యాపారుల దోపిడీని దాచకుండా రాశారు. తర్వాత నిజాం ప్రభుత్వానికే గిరిజన సలహాదారయ్యారు. గిరిజనుల గుట్టు తెలిసినవాడు సర్కారు మనిషైతే వాళ్లకు మేలా, కీడా? ఆ వాదన తెగలేదు. ఆయన చేసిన మంచి పని ఒకటుంది. దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి, తాను చూసిన గిరిజన ప్రాంతాలు ఏమయ్యాయో 1982లో మరో పుస్తకం రాశారు.

ఇప్పుడు అలా తిరిగి వెళ్లి చూసేందుకు ఊళ్లేవి? 2021లో కాఫర్ డ్యామ్ వెనక నీళ్లు ఎగదన్ని దేవీపట్నం మండలంలో ఊళ్లు మునిగాయి. పాత ఫారంలో ఒక్క ఎకరాన్ని సరిచూడాలన్నా ఇక పునరావాస కాలనీల్లో ఉన్నవారి జ్ఞాపకమే దిక్కు. వాళ్లను అడగడానికి వెళ్లేవారు కలం తీయకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ జవాబులతో ప్యాకేజీ రాదని.